మ్యూజికల్ నాటకాన్ని మూకీగా తీస్తే, పాటలు పోయాక ఇంకేం మిగులుతుంది?

నటుడు మిగులుతాడు. అసలైన నటుడైతే పాటలు లేవన్న లోటే తెలియదు. 'సాలీ ఆఫ్ ది సాడస్ట్' చూడండి. 1923లో న్యూయార్క్ నాటకాల వీధి బ్రాడ్‌వేలో ఆడిన 'పాపీ' అనే మ్యూజికల్‌ని 1925లో అమెరికన్ దర్శకుడు డి.డబ్ల్యు. గ్రిఫిత్ ఈ పేరుతో మూకీగా తీశాడు. స్టేజీ మీద మెక్‌గార్గిల్ అనే మాయగాడి వేషం కట్టిన డబ్ల్యు.సి. ఫీల్డ్సే ఇందులోనూ ఆ వేషం వేశాడు.

ఈ సినిమా నేను మా మేనమామతో కలిసి చూశాను. ఆయన ఊళ్లో పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవారు. మొదలైన కాసేపటికే "పాటల నాటకం అన్నావు, పాటలేవిరా?" అని విసుక్కున్నారు. పైగా ఆన్‌లైన్‌లో పెట్టినవాళ్లు ఒకే పియానో ముక్కను సినిమా అంతా అతికించారు. ఏడుపుకీ అదే, పరుగుకీ అదే! ఇలా చేసేవాళ్ల మీద నాకు చాలా కోపం. ఆ రోజుల్లో హాల్లో పియానోనో ఆర్కెస్ట్రానో తెర మీది బొమ్మను బట్టి వాయించేవాళ్లు. మూకీలను చూసి జనం ఆవలిస్తున్నారంటే సగం పాపం ఈ అతుకులదే.

సౌండ్ తీసేశాను. ఫీల్డ్స్ బంతులు ఎగరేసే చోటికి వచ్చేసరికి మామయ్య ముందుకు జరిగి కూర్చున్నారు. "ఏదీ, వెనక్కి తిప్పు" అన్నారు. మళ్లీ చూస్తూ తొడ మీద తాళం వేశారు. "లయ ఎక్కడా జారట్లేదు, చూశావా?" అన్నారు. ఆ తర్వాత పాటల ఊసే ఎత్తలేదు. ఫీల్డ్స్ సినిమాల్లోకి రాకముందు వాడెవిల్ (పాటలు, హాస్యం, గారడీ కలిపిన రకరకాల ప్రదర్శనలు) స్టేజీల మీద పేరున్న జగ్లర్. ఆ సాధనంతా ఆ చేతుల్లో కనిపిస్తుంది.

కథ మామూలుదే. సర్కస్ వాణ్ణి పెళ్లి చేసుకుందని ఒక జడ్జి కూతుర్ని వెళ్లగొడతాడు. ఆమె చనిపోయాక ఆమె బిడ్డ సాలీని మెక్‌గార్గిల్ పెంచుతాడు. చివరికి ఆ పిల్ల, మనవరాలని తెలియని ఆ తాత ముందే ముద్దాయిగా నిలబడుతుంది. అక్కడ మామయ్య కళ్లు తుడుచుకున్నారు.

గ్రిఫిత్ మీద నాకొక ఫిర్యాదుంది. సాలీ వేషం వేసిన కరోల్ డెంప్‌స్టర్‌కి అన్నన్ని క్లోజప్‌లు ఎందుకు? ఆ ఫిల్మంతా ఫీల్డ్స్ మీద ఖర్చుపెట్టాల్సింది. మూకీ కామెడీ అనగానే చాప్లిన్, కీటన్ దగ్గరే ఆగిపోయేవాళ్లు కూడా ఈ మనిషిని ఒక్కసారి చూడాలి. 1936లో 'పాపీ' పేరుతోనే, ఫీల్డ్స్‌తోనే టాకీ కూడా వచ్చింది. మాటలున్నా సరే, నా ఓటు మూకీకే.