లువార్ గట్టు మీద సైకిలు: అమ్మలుకి ఉత్తరం

చిరంజీవి అమ్మలుకి బాబాయి దీవించి రాయునది.

నువ్వు పంపిన ప్రణాళిక చూశాను. ఫ్రాన్స్‌లోని ఓర్లియాన్‌లో సైకిలెక్కి, లువార్ నది వెంట సముద్రం దాకా, రోజుకు ఎనభై కిలోమీటర్లు, దారి పొడుగునా పదకొండు కోటలు. ఊపిరి పీల్చుకోడానికి ఒక్క పూట వదల్లేదు. 'లువార్ ఆ వేలో' అనే ఆ సైకిలు దారి దాదాపు 900 కి.మీ. ఉంటుంది. మొత్తం తొక్కేస్తేనే చూసినట్టు అని ఎవరన్నారు? నా మాట విని సగానికి పైగా కోసెయ్యి. సోమ్యూర్ నుంచి బ్లువా వరకు చాలు. పక్కదారులు కలుపుకుంటే రెండొందల పైచిలుకు కి.మీ. అవుతుంది, దానికి వారం పెట్టుకోండి. రోజుకు ముప్ఫై, మహా అయితే నలభై. మధ్యాహ్నానికల్లా ఊరు చేరిపోయి, మిగతా పూటంతా ఏటి ఒడ్డున గడపాలి. ఆ నది కోసమే వెళ్ళాలమ్మా. కోటలు ఎటూ కనబడతాయి.

సోమ్యూర్ నుంచి బ్లువాకి అంటే ఏటికి ఎదురు. భయపడకు, వాలు అసలు తెలియదు. తెలిసేది గాలి. ఆ లోయలో ఎక్కువ రోజులు అట్లాంటిక్ వైపు నుంచి, అంటే పడమటి నుంచి వీస్తుంది. వెనక నుంచి గాలి తోస్తుంటే నలభై కి.మీ. తొక్కినట్టే ఉండదు. ఎదురుగాలిలో ఇరవైకే ప్రాణం విసిగిపోతుంది.

గోదావరి జిల్లా పిల్లవి, నీకు ఏటిగట్టు కొత్త కాదు. అక్కడా అంతే: ఒకవైపు నది, ఇంకోవైపు పల్లంలో ఇళ్ళు, తోటలు, గట్టు మీద దారి. పన్నెండో శతాబ్దం నుంచి పోసుకుంటూ, ఎత్తు పెంచుకుంటూ వచ్చారు. అయినా 1846, 1856, 1866 వరదలు గట్లు తెంచుకుని ఊళ్ళ మీద పడ్డాయి. ఊళ్ళలో పాత గోడల మీద, వంతెనల దగ్గర ఒక గీత, దాని పక్కన సంవత్సరం చెక్కి ఉంటాయి. సైకిలు దిగి ఆ గీత కింద నిలబడి చూడు. కొన్నిచోట్ల అది నీ తలకంటే పైన ఉంటుంది. వేసవిలో అదే నది సన్నగా పాయలు పాయలై, మధ్యలో ఇసుక తిన్నెలు తేలి, ఎంతో సాధువుగా కనిపిస్తుంది. ఆ తిన్నెల మీద రేవు పిట్టలు గుడ్లు పెడతాయి, అటు వెళ్ళకండి. నీళ్ళలో దిగడం అసలే వద్దు. మోకాలి లోతే కదా అనిపిస్తుంది, కాలి కింద ఇసుక జారిపోతుంది, వడి లాగేస్తుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు మాటివ్వాలి.

సోమ్యూర్ దాటగానే దారి కొంచెం ఎగుడుదిగుడుగా ద్రాక్షతోటల్లోకి ఎక్కుతుంది. సూజే-షాంపిన్యీ అనే ఊళ్ళో దారి కొండ కడుపులోంచి పోతుంది. ఆ కొండ తెల్లటి మెత్తని సున్నపురాయి, 'త్యుఫో' అంటారు. కోటలకూ, చర్చిలకూ, మామూలు ఇళ్ళకూ ఆ రాయే తవ్వారు. తవ్వగా మిగిలిన గుహల్లో జనం కాపురాలున్నారు. ఇప్పుడు వాటిలో ద్రాక్షసారా పీపాలూ, పుట్టగొడుగుల పెంపకమూ ఉంటాయి. అక్కడ సైకిలు నడిపించుకుంటూ వెళ్ళండి. ఎండలోంచి లోపలికి అడుగుపెట్టగానే ఒళ్ళు చల్లబడుతుంది. గోడ మీద చెయ్యి వేసి చూడు, వేళ్ళకు తెల్లగా పొడి అంటుతుంది.

అక్కణ్ణుంచి కాస్త దూరంలోనే కాండ్-సేం-మార్తాం. వియెన్ నది వచ్చి లువార్‌లో కలిసేది అక్కడే. నీ జాబితాలో ఈ ఊరు లేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. సేం మార్తాం అనే సాధువు 397లో ఈ ఊళ్ళోనే కన్నుమూశాడు. తూర్ నగరం వాళ్ళు రాత్రికి రాత్రి ఆయన దేహాన్ని కిటికీలోంచి దించి పడవలో ఏటికి ఎదురుగా తీసుకుపోయారని చెబుతారు. చర్చి వెనక సందులో పైకి ఎక్కితే రెండు నదులూ కలిసే చోటు మొత్తం కనిపిస్తుంది. సాయంత్రం దాకా ఉండండి. జూన్‌లో రాత్రి పదింటి దాకా వెలుతురే కదా. మే, జూన్, లేదంటే సెప్టెంబరు మంచి నెలలు. జులై, ఆగస్టుల్లో ఎండా ఎక్కువే, జనమూ ఎక్కువే.

కోటల్లో మూడు చూడండి, రోజుకు ఒకటికి మించి వద్దు. విలాండ్రీ నీకోసం. మిద్దెతోట పెంచే దానివి కదా, అక్కడి కూరగాయల తోట చూడకుండా రాకూడదు. ఒకే కొలతలో తొమ్మిది చదరాలు, క్యాబేజీ, బీటు, లీకు మొక్కలను రంగుల లెక్కన నాటుతారు. స్పెయిన్ నుంచి వచ్చిన కార్వాయో అనే వైద్య పరిశోధకుడు 1906లో ఆ ఎస్టేటు కొని, పాత పద్ధతిలో తోటలన్నీ మళ్ళీ నిలబెట్టాడు. రెండోది షెనోన్సో. ఆంబువాజ్ నుంచి అడవి మీదుగా పదిహేను కి.మీ. లోపే. షేర్ నది మీద వంతెనలా కట్టిన మేడ అది. మొదటి యుద్ధంలో ఆ పొడవాటి హాలును ఆసుపత్రి చేశారు. రెండో యుద్ధంలో జర్మన్లు ఆక్రమించిన భాగానికీ, ఆక్రమించని భాగానికీ ఆ నదే హద్దు. ముందు గుమ్మం ఒక వైపు, హాలు చివరి తలుపు ఇంకోవైపు. తలుపులు తీసే వేళకే అక్కడ ఉండాలి. పదకొండు దాటితే బస్సుల జనంతో నడవడానికి చోటుండదు. మూడోది షాంబోర్, బ్లువా చేరాక చివర్లో. అంతే.

ఇక తిండి. అక్కడ మధ్యాహ్న భోజనం పన్నెండు నుంచి రెండు వరకే, రాత్రి ఏడు దాటాకే. మధ్యలో ఆకలేస్తే ఎవరూ వండి పెట్టరు. పల్లెల్లో దుకాణాలు మధ్యాహ్నం మూసేస్తారు. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా చాలా చోట్ల ఏదీ దొరకదు. అందుకని పొద్దున్నే రొట్టె, చీజు, పళ్ళు కొని సంచీలో వేసుకోవాలి. ఆంబువాజ్‌లో ఆదివారం పొద్దున ఏటి ఒడ్డున పెద్ద సంత జరుగుతుంది, ఆ రోజుకి అక్కడ ఉండేలా చూసుకో. మేకపాల చీజు తప్పకుండా తినండి. సేంత్-మోర్ అని, బూడిద పూసిన పొడవాటి చుట్ట, నిలువునా మధ్యలో ఒక గడ్డిపరక ఉంటుంది. అది తీసేసి కోసుకోవాలి. 'మేం మాంసం తినం' అని ప్రతిచోటా ముందే చెప్పు, లేకపోతే సలాడ్‌లో కూడా పందిమాంసం ముక్కలు వేస్తారు. దుకాణంలో అడుగుపెట్టగానే 'బోంజూర్' అను, ఆ తర్వాతే ఏదైనా అడుగు. అది మానేస్తే వాళ్ళకు అమర్యాదగా తోస్తుంది.

మంచినీళ్ళకు ఒక చిట్కా: దాదాపు ప్రతి పల్లెలోనూ శ్మశానంలో కుళాయి ఉంటుంది. శ్మశానం అనగానే మొహం అదోలా పెట్టకు, అక్కడి సైకిలు వాళ్ళందరూ సీసాలు నింపుకునేది అక్కడే. తాగరాని నీళ్ళయితే బోర్డు రాసి ఉంటుంది, చదువుకో.

సైకిళ్ళు ఇక్కణ్ణుంచి మోసుకెళ్ళొద్దు. ఒక ఊళ్ళో అద్దెకు తీసుకుని ఇంకో ఊళ్ళో అప్పగించే దుకాణాలు ఆ దారిలో ఉన్నాయి. అల్లుడుగారికి మోకాలి నొప్పి అన్నావు, ఆయనకు బ్యాటరీ సైకిలు తీసుకో. సామాను వీపు మీద పెట్టుకోవద్దు, వెనక చక్రానికి రెండు పక్కలా సంచులు తగిలించుకోవాలి. సీటు ఎత్తు మొదటి రోజే సరిచూసుకోండి. బస కోసం 'ఆక్యేయ్ వేలో' గుర్తున్న ఇళ్ళు వెతుకు. అవి దారికి అయిదు కి.మీ. లోపే ఉంటాయి, సైకిలు తాళం వేసి పెట్టుకునే చోటూ రిపేరు సామానూ ఇస్తారు.

రోడ్డు మీద కుడివైపు నడపాలన్నది తెలిసిందే. మలుపు తిరిగేటప్పుడు మాత్రం మన అలవాటు ఎడమకు లాగుతుంది, మొదటి రెండు రోజులూ ఒళ్ళు దగ్గర పెట్టుకోండి. బోర్డు ఏమీ లేని కూడలిలో కుడి సందులోంచి వచ్చే వాళ్ళదే ముందు హక్కు, సందు ఎంత చిన్నదైనా సరే. రాత్రిపూట ఊరి బయట మెరిసే జాకెట్టు వేసుకోవాలని చట్టమే ఉంది.

వాన పట్టుకున్నా, కాళ్ళు మొరాయించినా రైలెక్కండి. సోమ్యూర్, తూర్, ఆంబువాజ్, బ్లువా అన్నిటినీ నది వెంటే రైలు కలుపుతుంది. టీఈఆర్ అనే ప్రాంతీయ రైళ్ళలో సైకిలుకు వేరే టికెట్టో రిజర్వేషనో కావాలేమో ముందే కనుక్కో. పెట్టె ఎక్కేముందే సంచులు విప్పి చేత్తో పట్టుకోండి. బ్లువాలో సైకిళ్ళు అప్పగించేశాక పారిస్‌లోని ఓస్తెర్లిట్జ్ స్టేషన్‌కి నేరుగా రైళ్ళున్నాయి. విమానం ఎక్కే రోజుకు కాక, దానికి ముందు రోజుకు టికెట్ తీసుకో.

ఇట్లు,
మీ బాబాయి