సీసా మారింది, మందు మారలేదు

ప్రశ్న: మాకు 40 గొర్రెలు, 8 మేకలు ఉన్నాయి. వానలు మొదలైనప్పటి నుంచి మూడుసార్లు నట్టల మందు తాపాం. మొదట ఫెన్‌బెండజోల్, తర్వాత రెండుసార్లు ఆల్బెండజోల్. అయినా కొన్నింటికి దవడ కింద నీరు దిగుతోంది. రెండు చచ్చిపోయాయి. డోసు పెంచమంటారా?
– ఒక రైతు, వర్ధన్నపేట మండలం

జవాబు: మందు మార్చానని మీరు అనుకుంటున్నారు గానీ మారింది సీసానే. ఫెన్‌బెండజోల్, ఆల్బెండజోల్ ఒకే గుంపు మందులు, నట్ట మీద పనిచేసే తీరు ఒకటే. ఒకదానికి అలవాటు పడ్డ నట్ట సాధారణంగా రెండోదానికీ లొంగదు. లెవామిసోల్, ఐవర్‌మెక్టిన్, క్లోసాంటెల్ వేర్వేరు గుంపులకు చెందినవి.

ఎంత తాపారో మీరు రాయలేదు. చాలా మందల్లో చిన్నా పెద్దా తేడా లేకుండా తలా ఐదు మి.లీ. పోసేస్తుంటారు. లెక్క చూడండి. గొర్రెకు కిలో బరువుకు 7.5 మి.గ్రా. ఆల్బెండజోల్ కావాలి. 2.5 శాతం మందులో మి.లీ.కు 25 మి.గ్రా. ఉంటుంది. అంటే 30 కిలోల గొర్రెకు 9 మి.లీ. పడాలి. ఐదే పోస్తే మెత్తటి నట్టలు చస్తాయి, మొండివి మిగిలి గుడ్లు పెడతాయి. మేకల సంగతి ఇంకా కష్టం. వాటి ఒంట్లోంచి ఈ గుంపు మందులు తొందరగా బయటికి పోతాయి కాబట్టి గొర్రె డోసు సరిపోదు, దాదాపు రెట్టింపు కావాలి. మీ ఎనిమిది మేకలు తక్కువ మందు తాగి, మొండి నట్టల్ని మంద మేసే గడ్డి మీదికి వదులుతూ ఉండొచ్చు.

దవడ కింద నీరు ఎక్కువగా రెండు రకాలుగా వస్తుంది. నాలుగో పొట్టలో ఉండి రక్తం పీల్చే సన్నటి నట్ట ఒకటి, కార్జంలో చేరే జలగ ఇంకొకటి. చెరువు ఎండుతున్నప్పుడు శిఖం భూముల్లో, అంటే చెరువు లోపల తేలిన నేలలో మేపితే జలగ అనుమానం పెట్టుకోవాలి, అది నత్తల ద్వారా వస్తుంది. ఐవర్‌మెక్టిన్ జలగ మీద పనిచేయదు. ఆల్బెండజోల్ ముదిరిన జలగల మీదే, అదీ పెద్ద డోసులోనే పనిచేస్తుంది. ఈసారి ఏదైనా చనిపోతే పారేయకుండా పశువైద్యశాలకు చెప్పి కోయించండి. కార్జంలో ఆకులాంటి పురుగులున్నాయా, పొట్టలో ఎర్రటి తెల్లటి మెలికల దారాలున్నాయా, అక్కడే తేలిపోతుంది.

అంతవరకు కింది కనురెప్ప తిప్పి చూడండి. ఎర్రగా ఉన్నవాటికి మందు ఇప్పుడే అక్కర్లేదు. తెల్లగా పాలిపోయినవాటిని, దవడ వాచినవాటిని వేరు చేసి, తూకం వేసి, డాక్టరు చెప్పిన మందే తాపండి. క్లోసాంటెల్ రక్తం పీల్చే నట్టకూ, జలగకూ పనికొస్తుంది. కానీ డోసు మించితే జీవానికి చూపు పోతుంది, కంటి అంచనాతో పోయకండి. మొదటి నెల చూలు మీదున్నవాటికి ఆల్బెండజోల్ వద్దు. తాపేటప్పుడు తల పైకెత్తి పట్టుకోకండి, మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మందు పని చేసిందో లేదో తేల్చేది పెంటికల పరీక్షే. మందుకు ముందు ఓసారి, తర్వాత 10 నుంచి 14 రోజులకు ఓసారి, అవే పదేసి జీవాల తాజా పెంటికలను విడివిడి కవర్లలో తీసుకెళ్లండి. మామునూరు వెటర్నరీ కాలేజీ మీకు దగ్గరే. రెండోసారి కూడా గుడ్లు బాగా కనిపిస్తే ఆ గుంపు మందు మీ మందలో ఇక పనికిరాదు. జాతరకు అమ్మాలనుకున్నవి ఉంటే, మందు తాపాక సీసా మీద రాసిన గడువు దాటేదాకా కోతకు ఇవ్వకండి.