కవచం బరువు, కత్తి పదును: ఎల్డెన్ రింగ్ వీడియోగేమ్ ప్రశ్నలు

ప్రశ్న: బరువైన కవచం దొరికితే నిలువెల్లా తొడిగాను. ఇప్పుడు దెబ్బ తప్పించుకోవడానికి రోల్ చేస్తే (దొర్లితే) మనిషి దబ్బున పడి నెమ్మదిగా లేస్తున్నాడు. మునుపటికన్నా ఎక్కువసార్లు చస్తున్నాను. కవచం దండగేనా?

జవాబు: దండగ కాదు, మీరు 70 శాతం గీత దాటారు. ఒంటి మీదున్న బరువు, మీరు మోయగల గరిష్ఠ బరువులో 30 శాతం లోపుంటే చురుకైన రోల్, 70 లోపుంటే మామూలు రోల్. 70కి చేరితే మీరు చెప్పే ఆ మొద్దు రోల్. 100 దాటితే రోలే ఉండదు. మీ గరిష్ఠం 60 అనుకోండి, మొత్తం 42 లోపే ఉండాలి. సరిగ్గా 42 ఉన్నా మొద్దు రోలే.

చాలామంది కవచం బరువొక్కటే చూసుకుంటారు. ఒక్కో చేతికి మూడేసి ఆయుధాల గడులున్నాయి కదా, వాటిలో ఉన్నవన్నీ, చేతిలోకి తీసుకోకపోయినా, లెక్కలోకి వస్తాయి. ఎప్పుడో ఒకసారి వాడే విల్లును గడిలోంచి తీసి సంచిలో పడేయండి. అదొక్కటే సరిపోవచ్చు. చాలకపోతే శిరస్త్రాణం, చేతి తొడుగులు తేలికవి వేసుకోండి. ఛాతీ కవచాన్ని మాత్రం చివరిదాకా వదలకండి: రక్షణలోనూ, దెబ్బ తగిలినా తూలకుండా నిలిపే పాయిజ్‌లోనూ పెద్ద వాటా దానిదే. ఆ తర్వాతే ఎండ్యూరెన్స్ (మోయగల బరువును నిర్ణయించే గుణం) పెంచే ఆలోచన. గ్రేట్ జార్స్ ఆర్సెనల్ అనే తాలిస్మన్ (తాయెత్తు) ఆ గరిష్ఠాన్ని 19 శాతం పెంచుతుంది. కేలిడ్ ప్రాంతంలోని కొలీజియం దగ్గరున్న పెద్ద జాడీ పంపే ముగ్గురు యోధులను వరుసగా ఓడిస్తే అది మీదే.

ప్రశ్న: గ్రేట్‌స్వోర్డ్‌కి (ఒక పెద్ద కత్తి) స్ట్రెంత్ (బలం) 31 కావాలట. నాకు 22 ఉంది. తొమ్మిది లెవెల్స్ ఆగాల్సిందేనా?

జవాబు: ఆగనక్కర్లేదు. రెండు చేతులతో పట్టుకుంటే స్ట్రెంత్ ఒకటిన్నర రెట్లుగా లెక్కకొస్తుంది. 21 ఉన్నా 31.5 అవుతుంది, చాలు. ప్లేస్టేషన్‌లో ట్రయాంగిల్ నొక్కిపట్టి ఆర్1 కొట్టండి. డెక్స్‌టెరిటీకి (నేర్పు) ఈ వెసులుబాటు లేదు, దానికి కావలసిన 12 మీకు నిజంగానే ఉండాలి. చేతికొకటి చొప్పున రెండు కత్తులు పట్టుకున్నా ఈ లాభం రాదు. ఆ కత్తి బరువు 23, అందుకే పై జవాబులోని లెక్క ముందే వేసుకోండి.

ప్రశ్న: లెవెల్ పెంచుకోవడం మంచిదా, కత్తి స్థాయి పెంచే స్మితింగ్ రాళ్లు పెట్టడమా?

జవాబు: మొదటి సగం ఆటలో కత్తికే. కత్తి స్థాయి పెరిగేకొద్దీ దాని మూల బలంతో పాటు స్కేలింగ్ (మీ గుణాల పాయింట్ల వల్ల దెబ్బకు కలిసే అదనపు బలం) కూడా పెరుగుతుంది, కాబట్టి మీరు అప్పటికే పెంచుకున్న లెవెల్స్‌కి కూడా అప్పుడే పూర్తి ఫలితం దక్కుతుంది. ఆరోగ్యం కోసం విగర్‌కి వేసే పాయింట్లను మాత్రం ఆపకండి.

మామూలు ఆయుధానికి ఒక్కో రకం రాయితో మూడు మెట్లు: 2, 4, 6 చొప్పున మొత్తం 12. ఇలా +24 దాకా వెళ్లాక, +25కి ఏన్షియెంట్ డ్రాగన్ స్మితింగ్ స్టోన్ ఒకటి. సోంబర్ రాళ్లు కోరే ప్రత్యేక ఆయుధాలకు మెట్టుకొక్క రాయే, +10తో సరి. పెట్టిన రాయి తిరిగి రాదు. అందుకని ఒక్క ఆయుధాన్నే ముందుకు తీసుకెళ్లండి, నాలుగింటికి పంచితే ఏదీ పనికిరాకుండా మిగులుతుంది. చర్చ్ ఆఫ్ ఎల్లేలోని దాగలి దగ్గర +3 వరకే. ఆపైన రౌండ్‌టేబుల్ హోల్డ్‌లోని కమ్మరి హ్యూగ్ దగ్గరికి వెళ్లాలి. రాయా లుకారియా క్రిస్టల్ టన్నెల్ బాస్ నుంచి వచ్చే బెల్ బేరింగ్ అనే వస్తువును హోల్డ్‌లో సరుకులమ్మే ట్విన్ మెయిడెన్ హస్క్స్‌కి ఇస్తే మొదటి రెండు రకాల రాళ్లు ఎన్నయినా కొనుక్కోవచ్చు.

ప్రశ్న: కత్తికి బ్లడ్ అఫినిటీ (ఆయుధం స్వభావాన్ని మార్చే రకం) పెట్టాక, కాసేపు అదనపు ప్రభావమిచ్చే గ్రీజ్ పూయడం కుదరట్లేదు.

జవాబు: కుదరదు. స్టాండర్డ్, హెవీ, కీన్, క్వాలిటీ అఫినిటీలే గ్రీజ్‌ని తీసుకుంటాయి. స్టార్మ్‌వెయిల్ కోటలో దొరికే ఐరన్ వెట్‌బ్లేడ్ ఉంటే చివరి మూడూ తెరుచుకుంటాయి. గ్రేస్ (విశ్రాంతి తీసుకునే చోటు) దగ్గర కూర్చుని ఖర్చు లేకుండా మార్చుకోవచ్చు.

ప్రశ్న: రాడగాన్స్ సోర్‌సీల్ తాలిస్మన్ పెట్టుకోవచ్చా?

జవాబు: ఆట మొదట్లో తప్పకుండా. విగర్, ఎండ్యూరెన్స్, స్ట్రెంత్, డెక్స్‌టెరిటీ తలా 5 పెరుగుతాయి, అంటే 20 లెవెల్స్ విలువ. బదులుగా మీకు తగిలే దెబ్బ 15 శాతం పెరుగుతుంది. లెవెల్స్ బాగా పెరిగాక తీసేయడం మేలు. తీసిన వెంటనే మాత్రం బరువు చూసుకోండి: ఎండ్యూరెన్స్ 5 తగ్గి, మళ్లీ 70 శాతం దాటేస్తారు.