పాట వెనకబడుతోందంటే తప్పు ఫ్రేమ్ రేటుది

అన్నా, నల్లగొండల ఫోన్‌తో తీసిన బతుకమ్మ వీడియోల మొదట్ల పెదవులు, పాట కలిసే ఉండి, పది నిమిషాలకు పాట వెనకబడుతోందన్నరు కదా. మైకును అనుమానించకండి. వెలుతురు తగ్గితే ఫోన్ తనంతట తానే ఫ్రేములు (వీడియోల ఒక్కో బొమ్మ) తగ్గిస్తది. సెకనుకు సగటున 29.9 పడి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని 30 అనుకుంటే 600 సెకన్లల్ల 17,940 ఫ్రేములే. అవి 598 సెకన్లకే అయిపోతయి, పాటకింకా 2 సెకన్లు మిగులుతది. అందుకే ఆడియోను జరిపితే మొదలు కుదురుతది, చివర చెడుతది.

ఎడిట్‌కు ముందే వీడియోను ఒకే ఫ్రేమ్ రేటుకు మార్చాలె. దానికి హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితమే. వీడియో ట్యాబ్‌ల ఫ్రేమ్ రేట్ 30 పెట్టి, కింద 'కాన్‌స్టంట్' నొక్కండి (చాలామంది మరిచేది ఇదే), క్వాలిటీ ఆర్ఎఫ్ (నాణ్యత అంకె, తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతది) 18. ఆడియో శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్. అసలు ఫైలును చెరపకండి.

తర్వాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావించీ రిజాల్వ్‌ల కొత్త ప్రాజెక్టు తెరిచి, క్లిప్పులు వేయకముందే టైమ్‌లైన్ ఫ్రేమ్ రేటు 30కి మార్చుకోండి, వేశాక మార్చనివ్వదు. పాత ఎడిట్‌కే కొత్త ఫైల్ తగిలిస్తే కట్‌లు (ఒక క్లిప్ తెగి ఇంకోటి మొదలయ్యే చోట్లు) కొన్ని ఫ్రేములు జరగొచ్చు, చప్పట్లు పడే చోట ఒక్కో ఫ్రేమ్ జరిపి చూసుకోండి.

ఇకముందు తీసేది ఐఫోన్‌తో అయితే కెమెరా సెట్టింగుల్ల 'ఆటో ఎఫ్‌పీఎస్' (ఫ్రేమ్ రేటును ఫోనే మార్చే సెట్టింగు) ఆపేయండి.