పడని మందు ముందే తెలిస్తే

అమ్మలూ,

అత్తయ్య ఆశీస్సులు. కొత్తపేటలో నువ్వు ఓపీ మొదలుపెట్టి రెండు నెలలైందని మీ నాన్న చెప్పాడు. మొన్న ఫోన్లో ఒకటి అడిగావు గుర్తుందా, మందు రాసేముందు జీన్ టెస్ట్ చేయించడం మన రోజువారీ ఓపీలో కుదిరే పనేనా అని. కుదురుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగాలో తెలియాలి. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మన పేషెంట్లు కూర్చోగానే చెప్పే మాట ఒకటుంది: "ఆ మందు నాకు పడదమ్మా." హడావుడిలో మనం ఆ మాట దాటేసి కలం తీస్తాం. నువ్వు అలా చేయకు. ఏ మందు, ఎన్నో రోజున, ఒంటికి ఏమైంది, ఇంట్లో ఇంకెవరికైనా అలా అయిందా అని అడుగు. ఈ నాలుగు ప్రశ్నలకు పైసా ఖర్చు లేదు. మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ మింగిన కొందరికి రక్తం ఎందుకు విరిగిపోతోందని వెతికితేనే 1956లో జి6పీడీ అనే ఎర్రకణాల ఎంజైమ్ లోపం బయటపడింది. 1959లో జన్యువును బట్టి మందు పడుతుందో లేదో చూసే ఈ శాస్త్రానికి ఫార్మకోజెనెటిక్స్ అని పేరు పెట్టారు. అంటే ఇది నిన్నమొన్న పుట్టిన ఫ్యాషన్ కాదు.

నాకు ఇది పుస్తకంలోంచి వచ్చిన పట్టుదల కాదమ్మా. నేను ప్రాక్టీసు పెట్టిన తొలి ఏళ్లలో సత్తెనపల్లి వైపు నుంచి ఒకామె వచ్చింది. మిరప కోతలకు వెళ్లే మనిషి. ముఖంలో ఒకవైపు కరెంటు కొట్టినట్టు నొప్పి. ఫిట్స్‌కీ, ఇలాంటి నరాల నొప్పికీ ఇచ్చే కార్బమజెపిన్ రాశాను. వారంలో నొప్పి తగ్గి సంతోషంగా వచ్చి కనబడింది. మూడో వారంలో జ్వరం, కళ్లు ఎర్రబడటం, నోట్లో పుళ్లు. ఊళ్లో చూపిస్తే "వేడి చేసింది" అని ఇంజెక్షన్ ఇచ్చారట. ఆమె నా బిళ్ల మాత్రం మానలేదు. జాగ్రత్తగా వాడమని చెప్పింది నేనే కదా. నా దగ్గరికి తెచ్చేసరికి వీపు మీద చర్మం పొరలుగా ఊడుతోంది. బతికింది. కుడి కన్ను మసకబారిపోయింది.

2004లో తైవాన్ డాక్టర్లు ఈ రియాక్షన్‌కి హెచ్‌ఎల్‌ఏ-బి 15:02 అనే జన్యువుతో సంబంధం ఉందని చూపించారు. 2007లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆసియా సంతతి వాళ్లకు కార్బమజెపిన్ మొదలుపెట్టే ముందు ఈ టెస్ట్ చేయమంది. ఆ తర్వాత తైవాన్‌లోనే 4,877 మందికి ముందుగా టెస్ట్ చేసి, ఆ జన్యువు ఉన్నవాళ్లకు ఆ మందు ఇవ్వకుండా చూశారు. ఒక్కరికీ చర్మం ఊడలేదు. అది 2011లో అచ్చయింది. ఆ పేపర్ చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

కాబట్టి మొదటి అడుగు ఇక్కడే వెయ్యి. కొత్తగా కార్బమజెపిన్ రాయబోతున్నావంటే ముందు శాంపిల్ పంపు. రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోపు ఫిట్స్‌కైతే లెవెటిరాసెటమ్, ముఖం నొప్పికైతే గబాపెంటిన్‌తో నెట్టుకురావచ్చు. ఆక్స్‌కార్బజెపిన్‌కి మార్చేసి ప్రమాదం తప్పిందనుకోకు. అదీ ఆ కుటుంబమే. ఫెనిటాయిన్‌తోనూ జాగ్రత్తే. రిపోర్టు నెగటివ్ వచ్చినా "జ్వరంతో పాటు నోట్లో పుండ్లు, ఒంటి మీద దద్దు కనబడితే బిళ్ల ఆపేసి ఆ రోజే నా దగ్గరికి రా" అని చెప్పి పంపు. రియాక్షన్ తెప్పించే జన్యువు అదొక్కటే కాదు. ఏళ్ల తరబడి ఆ బిళ్ల వేసుకుంటూ బాగున్నవాళ్ల జోలికి మాత్రం వెళ్లకు. గండం ఎక్కువగా మొదటి రెండు మూడు నెలల్లోనే.

రెండోది రోగనిరోధక శక్తిని అణచే అజాథయోప్రిన్. కీళ్లవాతానికో, పేగుల జబ్బుకో నువ్వూ రాస్తావు. ఈ మందును ఒంట్లో విరిచే జన్యువుల్లో పాత పుస్తకాలు టీపీఎంటీ టెస్ట్ గురించే చెబుతాయి, అది పాశ్చాత్యులకు సరిపోయింది. మన ఆసియా వాళ్లలో ఎక్కువగా దెబ్బతీసేది ఇంకో జన్యువు, ఎన్‌యూడీటీ15లో మార్పు. ల్యాబ్‌ని రెండూ ఉన్నాయా అని అడిగి మరీ పంపు. మందు మొదలైన కొద్ది వారాలకే జుట్టు గుత్తులుగా ఊడుతోందని ఎవరైనా వస్తే షాంపూ గురించి మాట్లాడకు, ఆ గంటలోనే తెల్లకణాలు చూడు.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ సంగతి కొంచెం చిక్కు. అది ఒంట్లోకి వెళ్లాక సీవైపీ2సీ19 ఎంజైమ్ దాన్ని అసలు మందుగా మార్చాలి. ఆ ఎంజైమ్ మందకొడిగా ఉన్నవాళ్లు మన దేశంలో యూరప్ కంటే బాగా ఎక్కువ. 2010 నుంచి అమెరికాలో ఆ మందు పెట్టెలోని కాగితం మీదే హెచ్చరిక ఉంది. స్టెంట్ వేసిన రోజు రిపోర్టు కోసం ఎవరూ ఆగలేరు. కానీ తర్వాత నీ దగ్గరికి ఫాలోఅప్‌కి వచ్చినప్పుడు అడగొచ్చు. రిపోర్టులో లోపం కనబడితే సొంతంగా మార్చకుండా స్టెంట్ వేసిన డాక్టరుకు ఫోన్ చెయ్యి. బదులుగా టికాగ్రెలార్ ఉంది, ప్రాసుగ్రెల్ ఉంది, అయితే పక్షవాతం వచ్చినవాళ్లకు ప్రాసుగ్రెల్ పనికిరాదు. ఇంకోటి, జీన్ బాగున్నా ఒమెప్రజోల్ కలిపితే ఆ ఎంజైమ్ పని తగ్గుతుంది. గ్యాస్ బిళ్ల ఏది వాడుతున్నాడో చూడకుండా జన్యువు రిపోర్టు చదివి లాభం లేదు.

మన గుంటూరు దానివి కాబట్టి ఇది ప్రత్యేకంగా చెప్పాలి. ఆపరేషన్‌లో ఇచ్చే స్కోలిన్ అనే కండరాలను సడలించే మందు మామూలుగా ఐదారు నిమిషాల్లో దిగిపోతుంది. కొందరిలో దాన్ని విరిచే సూడోకోలినెస్టరేజ్ పుట్టుకతోనే తక్కువ. వాళ్లకు గంటల తరబడి ఊపిరి తిరగదు, మెషీన్ మీద ఉంచాలి. మన వైశ్య కుటుంబాల్లో ఈ లోపం ఎక్కువని పరిశోధనలు చూపించాయి. తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన చిన్న సమూహం కావడమే కారణం. కులం చూసి నిర్ణయం తీసుకోమని కాదు, ఎవరికైనా ఉండొచ్చు. "మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత మత్తు ఆలస్యంగా దిగిందా?" అని అందరినీ అడుగు. అవునంటే కోలినెస్టరేజ్ పరీక్ష చాలు. పురుగుమందు కేసుల పుణ్యమా అని ఆ టెస్ట్ మన ఊరి ల్యాబ్‌లకు కొత్త కాదు. పొలంలో మందు కొట్టి వచ్చిన మనిషికి ఆ రోజుల్లో అది తగ్గి కనబడుతుంది, కొన్ని వారాలాగి మళ్లీ చూడాలి.

ఇక అన్ని జీన్లూ ఒకేసారి చూసే ప్యానెల్ గురించి. యూరప్‌లో ఏడు దేశాల్లో దాదాపు 7,000 మందికి 12 జన్యువులు చూసి మందులు రాస్తే మందుల వల్ల వచ్చే ఇబ్బందులు దాదాపు 30 శాతం తగ్గాయని 2023లో వచ్చింది. మంచి మాటే. కానీ ఓపీ ఫీజు కోసం తడుముకునే మనిషికి ప్యానెల్ రాయకు. ఈ రిపోర్టు వస్తే నా చీటీ మారుతుందా అని నిన్ను నువ్వు అడుగు. మారదంటే వద్దు. కొందరు సొంతంగా చేయించుకుని ఎర్ర రంగు, పచ్చ రంగు పేజీలు పట్టుకొస్తారు. ఐదేళ్లుగా హాయిగా వాడుతున్న బిళ్లను ఎర్ర గడి చూసి ఆపకు. జన్యువును బట్టి మందు ఎలా రాయాలో చెప్పే సీపీఐసీ మార్గదర్శకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, అక్కడ ఏముందో చూసి మాట్లాడు. ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను: ఈ టెస్టులకు ల్యాబ్ వాళ్లు కమిషన్ అంటారు, తీసుకోవద్దు. ఆ డబ్బుని పేషెంటు బిల్లులో తగ్గించమను.

జీన్ అనగానే ఇళ్లలో టెన్షన్ మొదలవుతుంది. పిల్లకు సంబంధాలు చూస్తున్నాం, ఇది బయటపడితే ఎలా అంటారు. ఇది జబ్బు పరీక్ష కాదని, ఏ మందు పడుతుందో చూసేదని తెలుగులో చెప్పు. రిపోర్టు వాళ్ల చేతికే ఇవ్వు. మన వాళ్లు కాగితాలన్నీ క్యారీబ్యాగులో కుక్కి తెస్తారు, అందులో ఇది పోతుంది. అందుకే కార్బమజెపిన్ పడని జన్యువు ఉందని తేలినవాళ్లకు జేబులో పట్టే కార్డు మీద పెద్ద అక్షరాలతో "కార్బమజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్, ఫెనిటాయిన్ ఇవ్వకండి" అని రాసి లామినేట్ చేయించు. జన్యువు మారదు కాబట్టి కార్డు జీవితాంతం పనికొస్తుంది. ఫోన్లో ఒక ఫోటో కూడా తీసి పెట్టుకోమను.

సత్తెనపల్లి ఆమె ఇంకా పండక్కి ఫోన్ చేస్తుంది. ఆమెకు ఆ టెస్ట్ ఇంతవరకు చేయించలేదు, ఇక ఆ మందు వాడదు కదా అని నేనే ఊరుకున్నాను. ఇద్దరు పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఆమెకు ఆ జన్యువు ఉంటే ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం. వచ్చే సోమవారం ఆమెను నీ దగ్గరికి పంపుతున్నాను. ముందు ఆమెకు చెయ్యి, ఉందని తేలితే పిల్లలిద్దరికీ చెయ్యి. ఖర్చు నాది. కార్డులు మాత్రం నీ చేత్తో రాసి ఇవ్వు, ఆ కన్నుతో ఆమె చదవగలిగేంత పెద్దగా.

మీ అత్తయ్య