జేడ్ ముక్కుపొడుం బుడ్డి సాంద్రత 2.1 వచ్చిందా? లోపల గాలి ఉండిపోయింది

రాయి నకిలీ అని అప్పుడే నిర్ణయించకండి. జేడ్‌కి 3.0 లేదా ఆ పైన రావాలి. తూకం మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, 62 గ్రాముల బుడ్డిని అందులో వేలాడదీస్తే 29 గ్రాముల రీడింగ్ వచ్చిందంటే (62 ÷ 29 = 2.1), లోపలి బోలులో గాలి అలాగే ఉన్నట్టే. మూతి సన్నం కాబట్టి, ముంచగానే నీళ్లు లోపలికి పోవు. చైనాలో చింగ్ రాజవంశ కాలపు మంచి పనివాళ్లు భుజాల కింద దాకా తొలిచేవారు, బుడగలు సరిగ్గా అక్కడే దాక్కుంటాయి.

ఇలా చేయండి:

1. బిరడా తీసి పక్కన పెట్టండి. దానికి ఉండే కార్క్, పొడుం తీసే చిన్న చెంచా తడవకూడదు.
2. గ్లాసు నీళ్లలో ఒక చుక్క డిష్ సోప్ కలిపి తూకం మీద పెట్టి సున్నా చేయండి.
3. బుడ్డిని దారంతో కట్టి ముంచండి. సిరంజితో *అదే గ్లాసులోని* నీళ్లు తీసి లోపల నింపండి. అందరూ తప్పేది ఇక్కడే: బయటి నీళ్లు నింపి ముంచితే ఆ బరువూ రీడింగ్‌లో కలిసి, మళ్లీ అదే తప్పు లెక్క వస్తుంది.
4. నీళ్లలోనే పక్కలకు వంచుతూ మెల్లగా తట్టండి. బుడగలు ఆగేదాకా ఓపిక పట్టండి.
5. సిరంజి తీసేసి, బుడ్డి అడుగుకీ అంచుకీ తగలకుండా వేలాడదీసి రీడింగ్ చూడండి. తడవక ముందు తూచిన బుడ్డి బరువును దానితో భాగించండి.

దాదాపు 20.7 వస్తే 62 ÷ 20.7 = 3.0, అంటే జేడ్‌లో ఒక రకమైన నెఫ్రైట్‌కి సరిపోతుంది. జేడ్‌లో రెండో రకం జేడైట్ అయితే 3.3 దగ్గర, జేడ్‌లా కనిపించే సర్పెంటైన్ రాయి 2.6 దగ్గర ఉంటుంది.

లోపల పాత పొడుం అంటుకుని ఉన్నా, అడుగున పాత సేకరణ లేబుల్ ఉన్నా మాత్రం దయచేసి నీళ్లలో ముంచకండి. అవి పోతే మళ్లీ రావు. ఇంకోటి, ఈ లెక్క రాయిని చెబుతుందే గానీ వయసును చెప్పదు.