మెదడు చుట్టూ రక్తస్రావం: డాక్టరు రాయని కారణాన్ని కోడర్ రాయకూడదు

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నై పెరుంగుడిలో అమెరికా ఆసుపత్రుల ఇన్‌పేషెంట్ చార్టులకు కోడింగ్ (డాక్టర్లు రాసిన రోగ నిర్ధారణలను ఐసీడీ-10-సీఎం అనే జాబితాలోని కోడ్‌లుగా మార్చే పని) చేసే సంస్థలో పనిచేస్తున్నాను. ఈమధ్య 74 ఏళ్ల రోగి చార్టు వచ్చింది. డిశ్చార్జ్ సమ్మరీలో డాక్టరు ‘క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా, బర్ హోల్ ద్వారా తొలగించాం’ (అంటే మెదడు పైపొర కింద చేరిన పాత రక్తాన్ని పుర్రెకు చిన్న రంధ్రం చేసి తీశామని) అని మాత్రమే రాశారు. ఎమర్జెన్సీలో నర్సు రాసిన నోట్‌లో, మూడు వారాల కిందట ఆయన బాత్‌రూమ్‌లో జారిపడ్డారని భార్య చెప్పినట్టు ఒక వాక్యం ఉంది. రోగి రక్తం గడ్డకట్టకుండా చేసే వార్ఫరిన్ మందు కూడా వాడుతున్నారు. క్రానిక్ కనుక ఐ62.03 (దెబ్బ లేకుండా వచ్చిన క్రానిక్ సబ్‌డ్యూరల్ కోడ్) వేయమని మా టీమ్ లీడ్ అంటున్నారు. పడ్డారు కనుక ఎస్06.5 (దెబ్బవల్ల వచ్చిన సబ్‌డ్యూరల్ కోడ్) సరైనదని నాకు అనిపిస్తోంది. ఎవరు చెప్పేది సరైనదండీ?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: ఆ రక్తస్రావానికి కారణం ఏమిటో డాక్టరు ఎక్కడా చెప్పలేదు. మీరు దెబ్బ అనుకున్నారు, మీ టీమ్ లీడ్ కాదనుకున్నారు. ఆ నిర్ణయం మీ ఇద్దరిదీ కాదు కాబట్టి, చికిత్స చేసిన డాక్టరుకు క్వెరీ (వివరణ కోరే రాతపూర్వక ప్రశ్న) పంపి, సమాధానం వచ్చాకే చార్టు ముగించండి.

ముందుగా మీ టీమ్ లీడ్ వాదన చూద్దాం. ‘క్రానిక్’ అన్న మాట ఆ రక్తం ఎంత పాతదో చెబుతుందే గాని, ఎందుకు కారిందో చెప్పదు. వయసు పైబడినకొద్దీ మెదడు కొంత కుంచించుకుపోవడంతో, మెదడు నుంచి పైపొర వైపు వెళ్లే సన్నని సిరలు సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే అవి చిట్లి, రక్తం వారాల తరబడి కొంచెం కొంచెంగా చేరుతూ, చివరికి తలనొప్పిగానో, తడబడే నడకగానో, మతిమరుపుగానో బయటపడుతుంది. వృద్ధుల్లో కనిపించే క్రానిక్ సబ్‌డ్యూరల్‌లో చాలావాటి వెనుక ఇంట్లోవాళ్లు కూడా మరిచిపోయిన చిన్న దెబ్బే ఉంటుంది. ఐ62 వరుసలో అక్యూట్‌కు 01, సబ్‌అక్యూట్‌కు 02, క్రానిక్‌కు 03 అన్న విభజన ఉంది, ఎస్06.5లో అలాంటి విభజన లేదు. ఆ మాటకు చోటు కనిపించిందని ఐ62.03 వైపు మొగ్గడం కోడర్లలో తరచుగా చూసే పొరపాటు.

ఇక మీ వాదన. నర్సు నోట్ నుంచి కోమా స్కేల్ (స్పృహ స్థాయిని కొలిచే) అంకెలు తీసుకోవడానికి కోడింగ్ మార్గదర్శకాలు అనుమతిస్తాయి గాని, రోగ నిర్ధారణనూ దానికి కారణాన్నీ తీసుకోవడానికి అనుమతించవు. పడడం నిజమే కావచ్చు, రక్తస్రావం దానివల్లనే వచ్చిందని వైద్యుడు తేల్చాలి. పైగా కోడ్‌లు వెతికే ఇండెక్స్ కూడా ఇక్కడ ఇబ్బంది పెడుతుంది. ‘హెమటోమా’ కింద సబ్‌డ్యూరల్ వెతికితే అది దెబ్బవల్ల వచ్చినదిగా భావించి మిమ్మల్ని ఎస్06.5 వైపు పంపుతుంది. ‘హెమరేజ్’ కింద వెతికితే దెబ్బ లేనిదిగా భావించి ఐ62 వైపు పంపుతుంది. ఒకే స్కాన్‌ను చూసి ఒక డాక్టరు ఒక మాట, మరొకరు ఇంకో మాట వాడతారు. అంత పెద్ద తేడాను, అందులోనూ చార్టులో పడిన సంగతీ వార్ఫరిన్ సంగతీ రెండూ ఉన్నప్పుడు, ఆ మాటకు వదిలేయడం రోగికి న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం.

క్వెరీలో జవాబును మీరే సూచించకూడదు. ‘ఇది దెబ్బవల్ల వచ్చినదే కదా’ అని అడిగితే ఆడిట్‌లో నిలవదు. నర్సు నోట్‌లోని వాక్యం, స్కాన్ రిపోర్టు, వార్ఫరిన్ వాడకం, మూడింటినీ తేదీలతో చూపించి, ‘ఈ సబ్‌డ్యూరల్‌కు కారణం దయచేసి తెలపండి: దెబ్బవల్ల, దెబ్బ లేకుండా, మందు ప్రభావంవల్ల, ఇతర కారణం, నిర్ధారించలేము’ అని రాయండి. ఒకటికంటే ఎక్కువ గుర్తించే వీలు కూడా ఉంచండి, ఎందుకంటే వార్ఫరిన్ మీద ఉన్న మనిషికి చిన్న దెబ్బ తగిలి పెద్ద రక్తస్రావం కావడం మామూలే. సరిగ్గా వాడిన వార్ఫరిన్‌వల్లనే రక్తస్రావం జరిగిందని డాక్టరు ముడిపెడితే డి68.32 (ఆ మందువల్ల వచ్చిన రక్తస్రావ సమస్య), దానితోపాటు టి45.515ఏ (మందు దుష్ప్రభావం) వస్తాయి. ముడిపెట్టకపోతే మందు దీర్ఘకాలంగా వాడుతున్నారన్న జడ్79.01తో ఆగాలి.

డాక్టరు దెబ్బ అని రాస్తే, స్పృహ తప్పిన విషయం కూడా అదే క్వెరీలో అడగండి. ఎస్06.5 కోడ్‌లో ఆరో స్థానంలో 0 వేయాలంటే స్పృహ తప్పలేదని చార్టులో ఉండాలి. ఏమీ రాయలేదు గదా అని 0 వేయకూడదు. స్పృహ తప్పింది గాని ఎంతసేపో తెలియకపోతే 9. అసలు తప్పిందో లేదో తెలియకపోతే 2022 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ‘ఏ’. ఏడో స్థానంలో చికిత్స జరుగుతున్నదని చెప్పే ‘ఏ’ వేరు. అందువల్ల ఎస్06.5ఎక్స్ఏఏ (ఎక్స్ ఖాళీ స్థానం నింపేది మాత్రమే) అని రెండు ‘ఏ’లు పక్కపక్కన వచ్చినా, అచ్చుతప్పు అనుకుని ఒకటి తీసేయకండి. ఎలా పడ్డారన్నది తెలిపే కోడ్ వీటికి అదనం.

ప్రశ్న: సబ్‌అరక్నాయిడ్ (మెదడు మీది మధ్యపొర కింద జరిగే) రక్తస్రావానికీ ఇదే పద్ధతా?
– ఒక విద్యార్థి, తాంబరం

జవాబు: ఇదే. దెబ్బ లేకుండా వస్తే ఐ60, దెబ్బవల్ల అయితే ఎస్06.6. ఐ60లో ఏ రక్తనాళం నుంచి కారిందన్నది కూడా కావాలి; ఉదాహరణకు యాంటీరియర్ కమ్యూనికేటింగ్ ధమని అయితే ఐ60.2. స్కాన్ రిపోర్టులో ధమని పేరు ఉండి డాక్టరు నోట్‌లో లేకపోతే, డాక్టరునే అడగండి.

ప్రశ్న: అంబత్తూరులో ఉండే మా బాబాయి స్కూటరు మీద నుంచి పడ్డారు. రెండు వారాల తరవాత ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తలకు ఆపరేషన్ చేశారు. డిశ్చార్జ్ సమ్మరీలో ‘ఎస్‌డీహెచ్’ (సబ్‌డ్యూరల్ హెమటోమా) అని తప్ప ప్రమాదం ఊసే లేదు. ప్రమాద బీమా సంస్థ క్లెయిమ్ తిరస్కరించింది. ఇప్పుడేం చేయాలి?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: పాత సమ్మరీని కొట్టేసి కొత్తది ఇమ్మని అడగకండి, అది అనుమానాలకు దారితీస్తుంది. మొదట పూర్తి కేసు షీటు నకలు కోసం రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. పడిన రోజున ఏ ఆసుపత్రిలోనైనా చూపించి ఉంటే అక్కడి యాక్సిడెంట్ రిజిస్టర్ నకలు, అంటే ఇక్కడ అందరూ ‘ఏఆర్ కాపీ’ అనే కాగితం, తప్పక తెచ్చుకోండి. దానిమీద ప్రమాదం తేదీ, సమయం, గాయాల వివరాలు ఉంటాయి. ఆ కాగితాలు చూపించి, ఆపరేషన్ చేసిన డాక్టరును తన వైద్య అభిప్రాయంగా కారణాన్ని తెలుపుతూ, రాసిన నాటి తేదీ, సంతకంతో అనుబంధ నోట్ ఇమ్మని కోరండి. ఆయనకు నమ్మకం లేకపోతే ఒత్తిడి చేయవద్దు.

ఆ నోట్‌తో ముందు బీమా సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాయండి. మళ్లీ తిరస్కరించినా, 30 రోజుల్లో బదులివ్వకపోయినా, చెన్నైలోనే ఉన్న బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులను పరిష్కరించే అధికారి) కార్యాలయంలో ఏడాదిలోగా ఫిర్యాదు చేయవచ్చు. అందుకు రుసుము లేదు.